రాజు పోయాడు, రాజ్యం ఎవరికి దక్కింది? ఉత్తర యెమెన్ అంతర్యుద్ధంపై సమీక్ష

1970 మే నెలలో ఉత్తర యెమెన్ రాజధాని సనాకు కొందరు పెద్దమనుషులు తిరిగొచ్చారు. ఎనిమిదేళ్లుగా ఇమామ్ పక్షాన యుద్ధం నడిపినవాళ్లు వాళ్లు. ఇమామ్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా పనిచేసిన అహ్మద్ అల్-షామీ వచ్చీ రాగానే నిన్నటి శత్రువుల అత్యున్నత పీఠమైన రిపబ్లికన్ కౌన్సిల్‌లో సభ్యుడయ్యాడు. మిగతావాళ్లకూ ఏదో ఒక కొలువు దొరికింది. విచారణలు లేవు, శిక్షలు లేవు. ఒక్క కుటుంబం మాత్రం గడప తొక్కడానికి వీల్లేదన్నారు. అది ఇమామ్ సొంత కుటుంబం, హమీద్ అల్-దీన్ రాజవంశం. లక్ష నుంచి రెండు లక్షల దాకా ప్రాణాలు తీసిందని అంచనా వేసే యుద్ధం ఇంటి తగాదా సర్దుకున్నట్టు ముగిసిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో రాచరికవాదులు, గణతంత్రవాదులు ఏళ్ల తరబడి తలపడిన సందర్భాలు అరుదు. రాజులు చాలాచోట్ల ఒక్క రాత్రిలో పోయారు. ఈజిప్టులో 1952లో, ఇరాక్‌లో 1958లో, లిబియాలో 1969లో అదే జరిగింది. వాళ్ల కోసం తుపాకీ పట్టినవాడు లేడు. యెమెన్‌లో రాజు తప్పించుకున్నాడు, కొండల్లోని తెగలు ఆయన పేరు మీద ఎనిమిదేళ్లు పోరాడాయి, అయినా చివరికి రిపబ్లికే నిలిచింది. ఎందుకు పోరాడారు, అది ఎలా నిలిచింది, నిలిచినదాంట్లో ఎవరి వాటా ఎంత అన్న మూడు ప్రశ్నల చుట్టూ అరవై ఏళ్లుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. నా దృష్టిలో మూడోదే అసలు ప్రశ్న. అది తేలితే మొదటి రెండూ తేలినట్టే.

ఇమామ్ అంటే సింహాసనం మీద కూర్చున్న మామూలు రాజు అనుకుంటే ఈ కథ అర్థం కాదు. క్రీ.శ. 897లో యహ్యా అల్-హాదీ అనే పండితుడు ఉత్తర యెమెన్‌లోని సాదాకు వచ్చాడు. తెగల మధ్య తగాదాలు తీర్చే పెద్దగా మొదలై, జైదీ షియా ఇమామత్‌కు పునాది వేశాడు. ఆ సంప్రదాయంలో ఇమామ్ కాదగినవాడు ప్రవక్త వంశీకుడై ఉండాలి, శాస్త్రం చదివి ఉండాలి, అవసరమైతే కత్తి పట్టగలగాలి. తండ్రి తర్వాత కొడుకే అన్న నియమం లేదు. పైగా అన్యాయం చేసే పాలకుడి మీద తిరగబడటం ధర్మమేనని ఆ మతశాస్త్రమే చెబుతుంది. వెయ్యేళ్ల పాటు ఇమామ్‌లు అలాగే వచ్చారు, పోయారు. ఒకే కాలంలో ఇద్దరు ముగ్గురు ఇమామ్‌లమని ప్రకటించుకున్న సందర్భాలూ ఉన్నాయి.

1918లో ఒట్టోమన్లు వెళ్లిపోయాక స్వతంత్ర రాజ్యాన్ని చేతికి తీసుకున్న ఇమామ్ యహ్యా ఈ సంప్రదాయాన్ని పక్కన పెట్టాడు. పెద్దకొడుకు అహ్మద్‌ను యువరాజుగా నిలబెట్టాడు. దీనికి ముందుగా మండిపడినవాళ్లు సామాన్యులు కాదు, ప్రవక్త వంశీకులమని చెప్పుకునే తక్కిన సయ్యద్ కుటుంబాలే. 1948 ఫిబ్రవరిలో యహ్యాను కాల్చి చంపించి గద్దెనెక్కిన అబ్దుల్లా అల్-వజీర్ కూడా సయ్యదే. ఆయన కోరింది రాజ్యాంగానికి లోబడిన ఇమామత్, అంతే. రిపబ్లిక్ ఊసే లేదు. నెల తిరిగేసరికి అహ్మద్ ఉత్తరాది తెగలను కూడగట్టుకుని సనా మీద పడ్డాడు. కూలీ కింద నగరాన్నే వాళ్ల దోపిడీకి వదిలేశాడు. అల్-వజీర్ తల తీయించాడు. ఆ దోపిడీని నగరవాసులు మరిచిపోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత రాచరికవాదులు మళ్లీ నగర ద్వారాల దగ్గరికి వచ్చినప్పుడు లోపలివాళ్లు ఎందుకంత మొండిగా నిలబడ్డారో తెలియాలంటే 1948 దాకా వెనక్కి వెళ్లాలి.

అహ్మద్ తాయిజ్ నుంచి పాలించాడు. దేశంలో చెలామణీ అయ్యే నాణెం ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ, 1780 అనే సంవత్సరం ముద్రించిన వెండి నాణెం. ఆధునిక బడులు, ఆసుపత్రులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చీకటి పడితే సనా కోట తలుపులు మూసేసేవాళ్లు. పాలనకు అసలు ఇరుసు మాత్రం బందీల పద్ధతి. పలుకుబడి ఉన్న ప్రతి తెగనాయకుడి ఇంటి నుంచీ ఒక కొడుకునో తమ్ముణ్నో తెచ్చి కోటలో ఉంచుకునేవాళ్లు. తండ్రి శిస్తు కట్టి అణిగిమణిగి ఉంటే పిల్లవాడికి తిండీ చదువూ. తోక జాడిస్తే కాళ్లకు సంకెళ్లు. (జైద్ ముతీ దమ్మాజ్ 1984లో రాసిన 'అర్-రహీనా' నవల ఇలాంటి పిల్లవాడి కథే. ఈ పాలన వాసన పట్టాలంటే చరిత్ర పుస్తకాల కన్నా అదే మేలు.)

ఈ పద్ధతి పనిచేసినంత కాలం బాగానే పనిచేసింది. 1959లో అహ్మద్ వైద్యం కోసం ఇటలీ వెళ్లినప్పుడు యువరాజు అల్-బద్ర్ తెగలను మంచి చేసుకోవడానికి డబ్బు పంచాడు. తండ్రి తిరిగొచ్చి దాన్ని వెనక్కి కక్కించబోయాడు. ఉత్తరాదిలోని రెండు పెద్ద తెగల కూటముల్లో ఒకటైన హాషిద్‌కు నాయకుడు హుసేన్ అల్-అహ్మర్. అతన్నీ, అతని కొడుకు హమీద్‌నూ అహ్మద్ తల తీయించాడు. అభయమిచ్చి పిలిపించి మరీ చంపాడన్న మాట ఆ తెగలో ఇప్పటికీ మాయలేదు. ఇంకో కొడుకు అబ్దుల్లాను చెరలో పెట్టారు. 1962లో రిపబ్లిక్ అతన్ని విడిపించింది. హాషిద్ తెగ యుద్ధం పొడవునా రిపబ్లిక్ వైపు ఎందుకుందో చెప్పడానికి సిద్ధాంతాలు వెతకనక్కర్లేదు. ఇమామ్ చంపినవాడి కొడుకు ఇమామ్ వైపు ఎలా ఉంటాడు?

1962 సెప్టెంబరు మూడో వారంలో అహ్మద్ నిద్రలోనే పోయాడు. ఏడాదిన్నర కిందట హొదైదా ఆసుపత్రిలో తగిలిన తూటాల నుంచి ఆయన కోలుకోనే లేదు. అల్-బద్ర్ ఏలింది వారం. సెప్టెంబరు 26 రాత్రి మంత్రుల సమావేశం ముగించుకుని నడవాలోకి వచ్చినప్పుడు వెనక నుంచి ఒక అధికారి తుపాకీ గురిపెట్టాడనీ, అది పేలలేదనీ అల్-బద్ర్ తర్వాత చెప్పాడు. కాసేపటికి ట్యాంకులు దార్ అల్-బషాయిర్ ప్రాసాదం మీద గుళ్లు కురిపించాయి. తిరుగుబాటుకు ముందు నిలిచినవాడు రాజుగారి రక్షకదళపు అధిపతి అబ్దుల్లా అల్-సల్లాల్. 1936లో ఇమామ్ యహ్యాయే సైనిక శిక్షణకు బాగ్దాదు పంపిన కుర్రాళ్లలో ఒకడు. 1948 తర్వాత ఏడేళ్లు హజ్జా చెరసాలలో మగ్గినవాడు. చెర నుంచి బయటకు తెచ్చి పెద్ద పదవి కట్టబెట్టింది అల్-బద్రే. తెల్లారేసరికి రాజు శిథిలాల కింద చచ్చాడని రేడియో చెప్పింది. రాజు సిపాయి వేషంలో పెరటి దారిన బయటపడి ఉత్తరాన కొండలెక్కాడు. నవంబరులో విలేకరుల ముందు ప్రత్యక్షమయ్యేసరికి, చచ్చాడని చాటినవాళ్లు నోరెళ్లబెట్టారు.

దీన్ని షియా-సున్నీ పోరు అనుకుంటే మొదటి అడుగులోనే బోల్తా పడతాం. సల్లాల్ జైదీ. హాషిద్ తెగ జైదీ. రిపబ్లిక్‌కు తర్వాత అధిపతి అయిన అబ్దుల్ రహ్మాన్ అల్-ఇర్యానీ జైదీ న్యాయకోవిదుడు. మరోవైపు, షియా ఇమామ్‌కు బంగారం పంపింది వహాబీ సౌదీ రాజవంశం. అసలు చీలిక సమాజపు మెట్ల వరసలో ఉంది. పైమెట్టు సయ్యద్‌లది. ఆ కింద కాజీలు, అంటే తరతరాలుగా చదువుకున్నవాళ్లు. అన్ని పదవులకూ తగినవాళ్లే కాని, ప్రవక్త వంశం కాదు గనక ఇమామ్ మాత్రం కాలేరు. తర్వాత ఆయుధం పట్టే తెగలవాళ్లు. అట్టడుగున కసాయి, మంగలి లాంటి వృత్తులవాళ్లు. దక్షిణాన తాయిజ్, ఇబ్ పరిసరాల్లోనూ తిహామా తీరంలోనూ ఉండే షాఫీ సున్నీలది ఇంకో లెక్క. పంట వాళ్లది, పన్ను వాళ్లది, ఏడెన్‌లో వ్యాపారం వాళ్లది. పెత్తనం మాత్రం కొండలది. రిపబ్లిక్ అన్న మాటలో కాజీ తన మెట్టు పెరగడాన్ని చూశాడు, తెగనాయకుడు ఇమామ్ లేని స్వేచ్ఛను చూశాడు, షాఫీ కుర్రవాడు సమానత్వాన్ని చూశాడు. ముగ్గురూ ఒకే జెండా కింద నడిచారు గాని ముగ్గురూ కోరింది ఒకటి కాదు.

ఇర్యానీ గురించి ఒక్క మాట. 1955లో అహ్మద్ మీద జరిగిన కుట్ర విఫలమయ్యాక ఆయన్ను తల తీసే మైదానం దాకా తీసుకెళ్లి, ఆఖరి క్షణంలో ఇమామ్ ఆజ్ఞతో వదిలేశారు. అంత జరిగినా, పదిహేనేళ్ల తర్వాత ఇమామ్ మనుషులను పక్కన కూర్చోబెట్టుకునే ఒప్పందాన్ని కుదుర్చుకున్నది ఆయనే. నాకు ఈ యుద్ధంలో కనిపించే ముఖ్యపాత్ర అల్-బద్ర్ కాదు, సల్లాల్ కాదు, ఈ కాజీ.

రిపబ్లిక్‌కు అండగా ఈజిప్టు సేనలు అక్టోబరు మొదట్లోనే దిగాయి. కొద్దివేల మందితో కొన్ని నెలల్లో పని ముగుస్తుందని కైరో లెక్క వేసింది. యెమెన్ వ్యవహారం చూసినవాళ్లలో అన్వర్ సాదాత్ ముఖ్యుడు. కొన్నేళ్లకు ఆ సేన 70 వేలకు చేరింది. రోడ్లు, పట్టణాలు పగలు ఈజిప్టు చేతిలో, కొండలు రాత్రి ఇమామ్ చేతిలో. తెగల సంగతి మరీ చిత్రం. పగలు రిపబ్లిక్, రాత్రి రాజపక్షం అన్న నానుడి ఆ రోజుల్లోనే పుట్టింది. ఇద్దరి దగ్గరా డబ్బు, తుపాకులు పుచ్చుకున్న నాయకులున్నారు. దీన్ని నమ్మకద్రోహం అని రాసే విదేశీ విలేకరులంటే నాకు చిరాకు. తమ లోయను తాము కాపాడుకునేవాడికి సనాలో ఎవరున్నా ఒకటే. యుద్ధం సాగినంత కాలం బేరం సాగుతుంది. ఎవరో ఒకరు పూర్తిగా గెలిస్తే మళ్లీ శిస్తులు, మళ్లీ బందీలు. తెగలకు కావలసింది గెలుపు కాదు, తేలని తక్కెడ.

ఈజిప్టు విమానాలు విషవాయువు వాడాయి. 1963లో అల్-కౌమా గ్రామం నుంచి మొదటి కథనాలు వచ్చాయి. 1967 జనవరిలో కితాఫ్ మీద పడిన బాంబులు రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ ఏడాదే రెడ్‌క్రాస్ వైద్యులు గ్రామాలకు వెళ్లి పరిశీలించి, విషవాయువు వాడకాన్ని ధ్రువీకరించారు. కైరో కాదంటూనే వచ్చింది. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. గణతంత్రం పక్షాన రాసిన వామపక్ష చరిత్రకారులు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. అది సరికాదు. అదే సమయంలో, ఈజిప్టువాళ్లు వచ్చాకే సనాలో ఆధునిక బడులు, ప్రభుత్వ శాఖలు, 1964లో కాగితపు రియాల్ నోటు వచ్చాయన్నదీ నిజమే. రాజపక్షం కథలు రాసినవాళ్లు దీన్ని అంతే తేలిగ్గా దాటేస్తారు.

బయటి దేశాల జాబితా పొడవైనదే. సౌదీ, జోర్డాన్ ఇమామ్ వైపు. ఇరాన్ షా కూడా. ఏడెన్‌ను పోగొట్టుకోకూడదనుకున్న బ్రిటన్ నేరుగా దిగకుండా కిరాయి సైనికుల దారి పట్టింది. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సైన్యాన్ని యెమెన్‌లోనే కట్టిపడేయాలనుకున్న ఇజ్రాయెల్ 1964 నుంచి విమానాల్లో రహస్యంగా ఆయుధాలు జారవిడిచింది. ఈ చివరి రెంటి మీద బోలెడు సాహసగాథలు వచ్చాయి. చదవడానికి బాగుంటాయి. యుద్ధ ఫలితానికి వాటివల్ల పడిన తేడా స్వల్పం. సోవియట్ రష్యా రిపబ్లిక్ వైపు నిలిచింది. అమెరికా కూడా 1962 డిసెంబరు 19న రిపబ్లిక్‌ను గుర్తించింది. నాసర్‌ను దూరం చేసుకోవడం అధ్యక్షుడు కెనడీకి ఇష్టం లేదు. ఒక్క ముచ్చట మాత్రం చెప్పుకోదగ్గది. రాచరికవాదులకు ఆయుధాలు మోసుకెళ్లాల్సిన సౌదీ వైమానిక సిబ్బంది కొందరు 1962 అక్టోబరులో విమానాలతో సహా ఈజిప్టుకు ఫిరాయించారు. రియాద్‌లో గుండెలు జారాయి. నెల తిరక్కుండా యువరాజు ఫైసల్ పది అంశాల సంస్కరణలు ప్రకటించాడు. సౌదీలో బానిసత్వం రద్దు వాటిలో ఒకటి. పొరుగింట్లో రిపబ్లిక్ పుడితే రాజులకు ఎంత తొందరగా బుద్ధి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ అక్టోబరులో మన పత్రికల్లో చైనా యుద్ధం తప్ప వేరే వార్త లేదు. ప్రపంచమంతా క్యూబా క్షిపణుల గొడవలో ఉంది. యెమెన్ ఎవరికీ పట్టలేదు. అయినా మన దేశానికి ఒక పోగు ఉంది. 1963 జూన్‌లో భద్రతామండలి పంపిన పరిశీలక బృందానికి కొద్దినెలలు నాయకత్వం వహించింది భారత సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ ప్రేమ్ సింగ్ జ్ఞానీ. అంతకుముందు అధిపతి, స్వీడన్ సేనాని కార్ల్ వాన్ హార్న్, సౌకర్యాలు లేవని గొడవపడి రాజీనామా చేశాడు. ఆ బృందం ఖర్చును పోట్లాడుకుంటున్న ఈజిప్టు, సౌదీలే చెరిసగం పంచుకున్నాయి. రాచరికవాదులను ఐక్యరాజ్యసమితి గుర్తించలేదు గనక వాళ్లతో మాట్లాడే అధికారం పరిశీలకులకు లేదు. యుద్ధంలో ఒక పక్షాన్ని చూడకుండా యుద్ధవిరమణను పరిశీలించమన్నారన్నమాట. 1964 సెప్టెంబరులో బృందం మూటాముల్లె సర్దుకుంది. ఈజిప్టుకు అమెరికా నుంచి వచ్చే గోధుమలు కూడా ఆ ఏళ్లలోనే ఆగాయి. అవి మనం తిన్న పి.ఎల్.480 గోధుమలే. యెమెన్ నాసర్‌కు ఎంత ఖరీదైందో చెప్పడానికి జెస్సీ ఫెరిస్ 2013 నాటి పుస్తకంలో ఈ అప్పులు, ఈ గోధుమలు, రష్యా మీద పెరిగిన ఆధారం అన్నీ లెక్కగట్టి, 1967 జూన్ ఓటమికి దారి యెమెన్ నుంచే పడిందని వాదించాడు. ఆ వాదన చాలావరకు ఒప్పుకోదగ్గదే. కాని ఆ పుస్తకం నిండా కైరోనే ఉంటుంది, యెమెనీ గొంతు సన్నగా వినిపిస్తుంది.

రాజీ ప్రయత్నాలు చాలా జరిగాయి. వాటిలో 1965 చివర్లో సరిహద్దు పట్టణం హరద్‌లో జరిగిన సమావేశాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఆ ఆగస్టులో నాసర్ స్వయంగా జెడ్డా వెళ్లి ఫైసల్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఈజిప్టు సైన్యం పది నెలల్లో వెళ్లిపోతుంది, సౌదీ సాయం ఆగుతుంది, దేశపు భవిష్యత్తును ప్రజలు ఓటుతో తేలుస్తారు. దాని కోసం నవంబరు 23న ఇరుపక్షాల నుంచి పాతికమంది చొప్పున హరద్‌లో కూర్చున్నారు. నెల రోజులు మాట్లాడుకున్నారు. తాత్కాలిక ప్రభుత్వం ఎవరి పేరు మీద నడవాలన్న దగ్గర చిక్కుపడ్డారు. రిపబ్లిక్ పక్షం ఆ పేరును వదలనంది. రాజపక్షం 'యెమెన్ రాజ్యవ్యవస్థ' లాంటి తటస్థమైన పేరు చాలు అంది, కాని రిపబ్లిక్ అన్న మాట కింద సంతకం పెట్టనంది. రంజాన్ వచ్చింది, సభ వాయిదా పడింది, మళ్లీ కూడలేదు.

ఇంతటి రక్తపాతం తర్వాత మాట దగ్గర ఆగారా అని నవ్వుకోవడం తేలిక. నిజానికి ఆగింది మాట దగ్గర కాదు. ఓటింగ్ జరిగేదాకా పోలీసులు, ఖజానా, తెగల భత్యాలు ఎవరి చేతిలో ఉంటాయన్నదే ఆ పేరులో దాగిన లెక్క. అప్పటికే రిపబ్లిక్‌లో ఉంటూ ఈజిప్టు పెత్తనం నచ్చని వర్గం ఒకటి బలపడింది. ఇర్యానీ, అహ్మద్ నుమాన్ లాంటివాళ్లది ఆ దారి. వాళ్లకు ఇమామ్ వద్దు, నాసర్ కూడా వద్దు. కవి మహమ్మద్ అల్-జుబైరీదీ అదే దారి. 1965 ఏప్రిల్ 1న ఆయన్ను చంపేశారు. 1966 సెప్టెంబరులో సల్లాల్ మీద ఫిర్యాదు చేయడానికి కైరో వెళ్లిన ప్రధాని హసన్ అల్-అమ్రీ బృందాన్ని నాసర్ నిర్బంధించాడు. స్వతంత్ర రిపబ్లిక్ ప్రధానిని మిత్రదేశం బంధిస్తే సనాలో ఎవరూ కిక్కురుమనలేకపోయారు.

1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ చేతిలో దెబ్బతిన్న నాసర్ ఆగస్టులో ఖార్టూమ్‌లో ఫైసల్‌తో రాజీపడ్డాడు. సౌదీ నుంచి ఆర్థిక సాయం వస్తుంది, ఈజిప్టు సైన్యం యెమెన్ వదులుతుంది. నవంబరు 5న సల్లాల్ విదేశంలో ఉండగానే పదవి ఊడింది, ఇర్యానీ వచ్చాడు. నవంబరు 30న బ్రిటిష్‌వాళ్లు ఏడెన్ ఖాళీ చేశారు. రాచరికవాదులు అప్పటికే సనా చుట్టూ కొండలు పట్టుకున్నారు. రిపబ్లిక్ పని అయిపోయిందని ప్రపంచ పత్రికలు రాశాయి.

ముట్టడి డెబ్భై రోజులు సాగింది. నాయకుల్లో చాలామంది నగరం విడిచి వెళ్లారు. చెర నుంచి తిరిగొచ్చిన అల్-అమ్రీ ఉండిపోయాడు. సైన్యాన్ని నడిపింది మాత్రం షాఫీ ప్రాంతం నుంచి వచ్చిన కుర్ర అధికారులు. అబ్దుల్ రకీబ్ అబ్దుల్ వహాబ్ సైనిక ప్రధానాధికారి అయ్యాడు. విద్యార్థులు, కూలీలు, దుకాణదారులు 'ప్రజా ప్రతిఘటన' దళాలుగా తుపాకులు పట్టారు. రష్యా విమానాల్లో ఆయుధాలు పంపింది. కొండల మీది నుంచి ఫిరంగులు పేలాయి, కాని దిగి నగరంలోకి రాగలిగినవాళ్లు లేరు. రాచరిక సేనాని మహమ్మద్ బిన్ హుసేన్‌కూ అల్-బద్ర్‌కూ పడదు. సౌదీ భత్యం సన్నగిల్లింది. గెలిస్తే దోచుకోవచ్చన్న ఆశ తెగలను కొండ దాకా తెచ్చింది. ఆ ఆశే, 1948ని కళ్లారా చూసిన నగరాన్ని గోడలా నిలబెట్టింది. 1968 ఫిబ్రవరి మొదటి వారంలో హొదైదా దారి తెరుచుకుంది.

రిపబ్లిక్ గెలిచిన ఘట్టం ఇదే అని అధికారిక చరిత్ర చెబుతుంది. ఆగి చూడాల్సింది ఆరు నెలల తర్వాతి సంగతి. ఆగస్టులో సనా వీధుల్లో మళ్లీ కాల్పులు జరిగాయి. ఈసారి రాచరికవాదులతో కాదు. అల్-అమ్రీ, తెగల నాయకులు ఒకవైపు, నగరాన్ని కాపాడిన కుర్ర అధికారులు మరోవైపు. కుర్రాళ్లు ఓడారు. కొందర్ని దేశం దాటించారు. అబ్దుల్ రకీబ్ తిరిగొచ్చాడు, 1969 జనవరిలో సనాలో చంపేశారు. రాజును రానివ్వని రిపబ్లిక్, తనను కాపాడినవాళ్లనూ ఉండనివ్వలేదు. 1970లో రాజపక్షంతో ఒప్పందం అంత సులువుగా కుదరడానికి కారణం ఇక్కడుంది. సమానత్వం కోరిన మూడోవాడు అప్పటికే గదిలో లేడు. మిగిలింది కాజీ, తెగనాయకుడు, ఇమామ్ వంశం కాని సయ్యద్. వాళ్ల ముగ్గురికీ మాట కుదరడానికి ఎంతసేపు? దక్షిణాన ఏడెన్‌లో మార్క్సిస్టులు గద్దెనెక్కడంతో ఫైసల్‌కు కూడా లెక్క మారింది. విరిగిపోయిన ఇమామ్ కన్నా చెప్పుచేతల్లో ఉండే రిపబ్లిక్ మేలనిపించింది. 1970 జూలైలో సౌదీ సనా ప్రభుత్వాన్ని గుర్తించింది. ఆ డిసెంబరు నాటి రాజ్యాంగం రాజకీయ పార్టీలను నిషేధించింది. తండ్రిని పోగొట్టుకున్న అబ్దుల్లా అల్-అహ్మర్ శాసన మండలి అధ్యక్షుడయ్యాడు. సౌదీ భత్యం ఆయన ఇంటికి చేరుతూనే ఉంది. 1993 నుంచి 2007లో మరణించేదాకా ఏకీకృత యెమెన్ పార్లమెంటుకు స్పీకరు కూడా ఆయనే.

కాబట్టి నేను చెప్పేది ఇది. ఈ యుద్ధంలో రాచరికం ఓడింది, కాని గణతంత్రం గెలవలేదు. ఇమామ్ స్థానంలోకి తెగనాయకులు, సైనికాధికారులు వచ్చారు. ఈ ముక్కను అందరికన్నా బాగా పట్టుకున్నది పాల్ డ్రెష్. 1989లో వచ్చిన ఆయన గ్రంథం తెగలను వెనకబాటుతనపు గుర్తులుగా కాక, లెక్కలెరిగిన రాజకీయ పాత్రలుగా చూపింది. దాని లోపం, దిగువ యెమెన్ షాఫీల కథ అందులో అంచున ఉండటం. ఫ్రెడ్ హాలిడే 1974 పుస్తకం ఆ లోటు కొంత పూరిస్తుంది, కాని అది విప్లవం ఇంకా రాబోతుందన్న నమ్మకంతో రాసిన పుస్తకం. మాల్కమ్ కెర్ 1965లోనే 'అరబ్ ప్రచ్ఛన్న యుద్ధం' అన్న చట్రం ఇచ్చాడు. చక్కటి చట్రమే, కాని యెమెన్‌ను కైరో-రియాద్ చదరంగపు బల్లగా మార్చేసింది. ఆషెర్ ఓర్కబీ 2017లో దాని నుంచి బయటపడాలని ప్రయత్నించాడు. గాబ్రియెలె ఫొమ్ బ్రుక్ 2005లో రాసిన పుస్తకం ఇంకో దిక్కు తెరిచింది. 1962 తర్వాత సనాలో సయ్యద్ కుటుంబాలు ఎలా బతికాయి, పదవి, గౌరవం పోయినవాళ్లు పిల్లలకు ఏం చెప్పుకున్నారు అన్నది దాని విషయం. అది చదవకుండా తర్వాతి కథ అర్థం కాదు.

తెలుగువాళ్లకు దగ్గరి యెమెన్ వేరే ఉంది. హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులు హద్రమౌత్ వాళ్లు, అంటే దక్షిణ, తూర్పు భాగాల వాళ్లు. నిజాం కొలువులో జమాదారుగా సంపాదించిన డబ్బుతోనే అల్-కైతీ వంశం ముకల్లా తీరంలో సుల్తాను రాజ్యం కట్టుకుంది. అక్కడ 1967 సెప్టెంబరులో సుల్తాను పదవి పోయింది. ఉత్తరాదిలా ఎనిమిదేళ్లు పోరాడే మనిషి లేడు. అక్కడి పాలన బ్రిటిష్ రక్షణ మీదా, హైదరాబాద్ సంపాదన మీదా నిలబడింది గాని తెగల బందీల మీద, వెయ్యేళ్ల మతశాస్త్రం మీద కాదు. ఉత్తరాన ఇమామత్‌కు ఉన్న వేరు ఎంత లోతైందో తెలియాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ వేరు మళ్లీ చిగురించిందా అన్నదే ఇప్పటి వివాదం. 2004 నుంచి సాదాలో సర్కారుతో పోరాడి, 2014 సెప్టెంబరు 21న సనాను పట్టుకున్న హూతీల నాయకత్వం సయ్యద్ కుటుంబానిది. శత్రువులు వాళ్లను ఇమామ్ వాదులు అంటారు. వాళ్లు మాత్రం ఇమామత్‌ను ప్రకటించలేదు, హమీద్ అల్-దీన్ వారసులను పిలవలేదు. అల్-బద్ర్ 1996లో లండన్‌లో పోయాడు. ప్రభుత్వ పత్రాల మీద 'యెమెన్ రిపబ్లిక్' అనే ఉంటుంది. సెప్టెంబరు 26 పండుగ చేసుకున్నవాళ్లను మాత్రం 2023, 2024లో పెద్ద సంఖ్యలో అరెస్టు చేశారు. జెండాలు పట్టుకు తిరిగినవాళ్లలో 1962 నాటికి పుట్టనివాళ్లే ఎక్కువ. పాత పాలనను చూడని కుర్రాళ్లు రిపబ్లిక్ దినాన్ని నిరసనగా మార్చుకున్నారంటే, 1968 ఆగస్టులో వీధుల్లో ఓడిన వర్గం అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదన్నమాట. అప్పట్లో ఇమామ్‌కు బంగారం పంపిన సౌదీ 2015 నుంచి సాదా మీద బాంబులు వేసింది. 2023 ఏప్రిల్‌లో దాని ప్రతినిధులు రాజీ మాటలకు సనా వెళ్లారు. సరిహద్దు, యుద్ధవిరమణలతో పాటు అక్కడ తెగని అంశం ఒకటుంది: సనా ప్రభుత్వోద్యోగుల జీతాలు ఎవరి ఖజానా నుంచి చెల్లించాలన్నది.